యంత్రలోకపు నీరుగంటి

నీరుండుట వేఱు, నీరు పంచుట వేఱు. పెన్నానది క్రింద సేద్యము చేయు నెల్లూరు రైతునకు ఈ భేదమును ఒకరు బోధింపవలసిన పనిలేదు. 1855లో నెల్లూరు ఆనకట్టయు, 1886లో సంగము ఆనకట్టయు లేచినవి. పిదప సోమశిల జలాశయము వచ్చినది. 2022 సెప్టెంబరులో సంగమువద్దను, నెల్లూరువద్దను నూతన బారేజీలు ప్రారంభమైనవి. ఇన్ని కట్టడములు వెలసినను, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు ప్రాంతములందు సముద్రపుటొడ్డున నున్న చివరి మడికి నీరందుట, ఎగువ తూమువద్ద నిలిచిన మనుష్యుని బుద్ధిమీదను, ధర్మముమీదను ఆధారపడియే యున్నది. చెరువు క్రింది నీరుగంటి పని చూచుటకు చిన్నది. చేతిలో పార, భుజమున తువ్వాలు, అంతియే అతని అధికార చిహ్నములు. కాని వాని లెక్క తప్పినచో ఒకచోట పైరు ఎండును, వేఱొకచోట మునుగును.

ఈ పంపకపు ప్రశ్నయే సుమారు ఇరువది యేండ్లక్రిందట యంత్రలోకమున తలయెత్తినది. దానికి సమాధానము కనుగొన్న ఇంజనీర్ల బృందమున ముందువరుసలో తెలుగు ఇంటిపేరొకటి కానవచ్చును. శ్రీ వావిలపల్లి వినోద్ కుమార్ గారిది ఆ పేరు. నేడు నెల్లూరు పట్టణమునగాని, కోవూరు, కావలి, గూడూరులందుగాని, సాఫ్టువేరు ఉద్యోగములో కుమారుడో, కోడలో, అల్లుడో లేని సంపన్న గృహస్థుడు అరుదు. ఆ బిడ్డల జీతమెంత, వారున్న ఊరేది, వీసా యెప్పుడు వచ్చును అను ప్రశ్నలే పెండ్లిపందిళ్లలో వినవచ్చుచున్నవి. వారు చేయుచున్న పని యెట్టిది, అది యెవరి సొత్తగుచున్నది, అందు లోకమునకు మిగులునదేమి అని అడుగువారు కానరారు. ఈ రెండవ తరగతి ప్రశ్నల నడుగుటకు శ్రీ వినోద్ కుమార్ గారి వృత్తిజీవితము మంచి ఆధారమగుచున్నది గనుక దానిని పాఠకుల ముందుంచుచున్నాము.

ముందుగా ఆ చిక్కు పుట్టిన విధమును చెప్పవలెను. ఇంటర్నెట్టు వ్యాపించినకొలది సమాచారము ఏ యొక్క యంత్రమునను పట్టనంత పెరిగినది. 2003లో గూగుల్ సంస్థ ఇంజనీర్లు, ఒక పెద్ద దస్త్రమును ముక్కలుచేసి వేలకొలది సామాన్య యంత్రములందు దాచు పద్ధతిని వ్యాసరూపమున ప్రకటించిరి. 2004లో అదే సంస్థకు చెందిన జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ అను వారిరువురు, ఆ ముక్కలన్నిటిమీదను ఏకకాలమున లెక్కలు కట్టు మ్యాప్‌రెడ్యూస్ అను పద్ధతిని ప్రకటించిరి. పద్ధతిని చెప్పిరే కాని తాము వ్రాసికొన్న ప్రోగ్రామును బయట పెట్టలేదు. ఆ వ్యాసములను చదివి డగ్ కటింగ్, మైక్ కాఫరెల్లా అను వారు ఆ యంత్రాంగమును స్వయముగా రచించి లోకమున కిచ్చిరి. కటింగ్ 2006లో యాహూ సంస్థలో చేరిన పిమ్మట ఆ రచన హడూప్ అను పేర వృద్ధిజెందినది. హడూప్ అనగా ఆయన కుమారుడు ఆడుకొను పసుపుపచ్చని ఏనుగు బొమ్మ పేరు.

ఈ ఏనుగు చేయు పని మన రైతునకు సులభముగనే బోధపడును. పూర్వపు పద్ధతి పంటనంతయు బండ్లకెత్తి ఒక్క కళ్లమునకు తోలి నూర్చుటవంటిది. బండ్లతో దారి నిండును, కళ్లము నిలిచిపోవును. హడూప్ కళ్లమునే పొలమునకు పంపినది. దస్త్రపు ముక్క యే యంత్రమున నున్నదో లెక్క ఆ యంత్రమునకే పోవును. తేలిన రాశులను మాత్రము చివరకు ఒకచోట కూర్తురు. ఒక యంత్రము చెడినను నష్టము వాటిల్లకుండ సాధారణముగా ప్రతి ముక్కకును మూడేసి ప్రతులు వేఱువేఱు యంత్రములం దుండును. 2008లో యాహూవారి 910 యంత్రములు కూడి, ఒక టెరాబైటు సమాచారమును 209 సెకనులలో వరుసగా పేర్చి ఆనాటి పందెమున ప్రథమస్థానము పొందినవి.

శ్రీ వినోద్ కుమార్ గారు 2007 సంవత్సరపు మధ్యకాలమునుండి యాహూలో ఈ హడూప్ రచనయందే నిమగ్నులైరి. వారు కంప్యూటరు శాస్త్రమున పట్టభద్రులైనది రూర్కీ ఐఐటీలో. ఆ విద్యాలయపు పుట్టుక ఇచ్చట స్మరింపదగియున్నది. గంగానదినుండి కాలువ త్రవ్వుటకు ఇంజనీర్లు కావలసివచ్చి 1847లో రూర్కీలో కళాశాలను నెలకొల్పిరి. గంగాకాలువకు 1854లో నీరు విడిచిరి. ఆ కళాశాలయే 1949లో విశ్వవిద్యాలయమై, 2001లో ఐఐటీ యైనది. కాలువలకొఱకు పుట్టిన విద్యాపీఠమునుండి వెలువడిన పట్టభద్రుడు యంత్రశక్తిని పంచు విద్యలో కృషిచేయుట కాకతాళీయమే కావచ్చును. కాని ప్రజల సొమ్ముతో అబ్బిన చదువు ప్రజలకు తిరిగి చేరుట కిది చక్కని యుదాహరణము.

ఆనాడు ఆ సంస్థలో నున్న చిక్కు పంపకపు చిక్కే. యంత్రములు వేలు, వాడుకదారులు వందలు. శ్రీ వినోద్ కుమార్ గారు మొదట పనిచేసిన వానిలో హడూప్ ఆన్ డిమాండ్ అను ఏర్పాటొకటి. అడిగినవానికి కొన్ని యంత్రములను విడిగా కేటాయించి, వాని పని ముగియువఱకు ఇతరులను వానిని ముట్టనీయకుండుట ఆ పద్ధతి. కాలువను ఒక రైతు తన మడివైపునకు మళ్లించుకొని, మడి నిండినను గండి పూడ్చక నిద్రించినచో క్రింది రైతుల గతి యేమి? ఇచ్చటను అట్లే జరిగినది. పని తుదిఘట్టమున కొలది యంత్రములు మాత్రమే కదలుచుండ, తక్కినవి ఊరకయే నిలిచిపోయెడివి.

దానిని విడిచి, అందరి పనులను ఒకే యంత్రసమూహముమీద నడుపు పద్ధతికి వచ్చిరి. ఇందు జాబ్ ట్రాకర్ అను అధికారి యొక్కడే. ఏ యంత్రము ఖాళీగా నున్నది, ఏ పని యెవరికి ఈయవలెను, ఏది చెడినది, దేనిని మరల చేయింపవలెను అను విచారణయంతయు అతనిదే. కరణము, మునసబు, నీరుగంటి, కూలీల మేస్త్రీ, ఈ నలువురి పనులును ఒక్కని నెత్తిన పెట్టినట్లయినది. సుమారు 4,000 యంత్రములు, ఏకకాలమున 40,000 చిన్నపనులు, ఈ మేర దాటినచో అతడు తట్టుకొనలేడు. అతడు కూలినచో నడుచుచున్న పనులన్నియు అతనితోనే కూలును. ఇదిగాక ప్రతి యంత్రమునందును మ్యాప్ పనులకు ఇన్ని గదులు, రెడ్యూస్ పనులకు ఇన్ని గదులు అని ముందుగనే గీత గీసి యుంచిరి. ఒక తరగతి పనులు గదులు చాలక వేచియుండ, రెండవ తరగతి గదులు ఖాళీగా పడియుండెడివి. మ్యాప్‌రెడ్యూస్ పద్ధతికి లొంగని లెక్కలు గలవారికి ఆ యంత్రములందు చోటే లేదు.

ఈ దోషములను మూలమునుండి సవరింపవలెనని శ్రీ అరుణ్ మూర్తి 2008 జనవరిలోనే బహిరంగముగా ప్రతిపాదించిరి. ఆ ప్రతిపాదన రూపుదాల్చుటకు కొన్ని సంవత్సరములు పట్టినది. తుదకు వెలసిన యంత్రాంగమునకు యార్న్ అని పేరిడిరి. ఆంగ్లమున ఆ మాటకు నూలు అని అర్థము. కాని రచయితలు దానిని నాలుగు మాటల పొడి అక్షరములుగా కూర్చిరి. ఆ మాటలకు మరియొక వనరుల మధ్యవర్తి అని భావము. ఇంత పెద్ద పనికి ఇంత వినయమైన పేరు పెట్టుకొనుట ముచ్చటగొలుపుచున్నది. ఈ యార్న్ రచనకు శ్రీ వినోద్ కుమార్ గారు ప్రధాన నిర్మాతలలో నొకరై, ఆ విభాగమునకు నాయకత్వము వహించిరి.

యార్న్ చేసిన మార్పు అధికార విభజనము. సమూహమంతటికిని రిసోర్సు మేనేజరు అను పెద్ద యొకడుండును. అతడు వనరులను పంచును, అంతియే. పంచిన వనరుతో ఎవరేమి చేసికొనుచున్నారో అతని కక్కఱలేదు. ప్రతి యంత్రమునందును నోడ్ మేనేజరు అను కావలివాడుండి, తన యంత్రమున జ్ఞాపకశక్తి యెంత మిగిలినది, ఎవరైన తమ వంతు మీఱుచున్నారా అని చూచి పెద్దకు నివేదించును. ఇక ప్రతి పనికిని అప్లికేషన్ మాస్టరు అను సొంత మేస్త్రీ యుండును. తన పనికి కావలసిన వంతును అడిగి తెచ్చుకొనుట, కూలీలను నడుపుట, చెడినదానిని మరల చేయించుట ఈతని విధి. ఈతడు చెడినచో ఈతని పని యొక్కటే కుంటుపడును కాని ఊరంతయు నిలిచిపోదు. తూము విప్పువాడొకడు, గట్టు కాచువాడొకడు, మడి దున్నుకొనువాడొకడు, ఎవరి పని వారిది. ముందే గీతగీసిన గదులు పోయినవి. అడిగినవానికి అడిగిన కొలత, ఉన్నంతలో, ఈయబడుచున్నది.

వంతులను నిర్ణయించుటకు కెపాసిటీ షెడ్యూలరు అను ఏర్పాటొకటి గలదు. శ్రీ వినోద్ కుమార్ గారి కృషి దానియందును కలదు. ప్రతి వర్గమునకును ఇంత వంతు అని హామీ యుండును. ఒక వర్గము తన వంతును వాడుకొననప్పుడు అది వ్యర్థము గాక అవసరము గలవారికి ఎరువుగా పోవును. హక్కుదారు మరల అడిగినప్పుడు అతని వంతు అతనికి చేరును. హక్కును కాపాడుచునే మిగులును పదుగురికి పంచు ఈ న్యాయమును విన్నప్పుడు, మన కాలువల క్రింద నిట్టి పంపక మేల నడువకున్నదని పాఠకులు ప్రశ్నించుకొనినచో వారిని మేము తప్పుపట్టజాలము.

2013 అక్టోబరులో యార్న్‌తో కూడిన హడూప్ రెండవ ప్రతి సార్వజనిక వినియోగమునకు సిద్ధమని ప్రకటింపబడినది. ఆ మాసముననే కాలిఫోర్నియాలోని శాంటాక్లారా నగరమున జరిగిన పండితసభలో యార్న్‌ను గూర్చిన వ్యాసము చదువబడి, ఉత్తమవ్యాసముగా గౌరవింపబడినది. పదునాఱుగురు రచయితలలో మొదటి పేరు వావిలపల్లి వారిది. ఆ వ్యాసమున ఇచ్చిన లెక్కలు గమనింపదగినవి. యాహూలో దినమునకు సుమారు 5 లక్షల పనులు యార్న్‌పై నడచుచుండినవి. 2,500 యంత్రములు గల యొక సమూహమున యార్న్ ప్రవేశపెట్టుటవలన మరి 1,000 యంత్రములు కొన్నంత ఫలము కలిగినదని ఆ యంత్రములను నడుపువారే చెప్పిరి. క్రొత్తగా ఒక చెరువు త్రవ్వలేదు, ఒక ఆనకట్ట కట్టలేదు. పంపకమును సరిదిద్దిరి. ఉన్న నీరే ఒకటిన్నర యింతలకు చేరువగా పారినది.

ఇంతవఱకు చెప్పినది నేర్పునకు సంబంధించిన విషయము. ధర్మమునకు సంబంధించినది ఇక ముందున్నది. ఈ హడూప్ ఏ యొక్క కంపెనీ సొత్తును కాదు. 1999లో ఏర్పడిన అపాచీ సాఫ్టువేర్ ఫౌండేషను అను లాభాపేక్షలేని సంస్థ ఆధ్వర్యమున అది రక్షింపబడుచున్నది. ప్రోగ్రాములోని ప్రతి పంక్తియు ఎవరైనను చదువవచ్చును, వాడవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును. మూలరచయితల ప్రకటనను తొలగింపకుండుట మొదలగు కొలది నియమములు మాత్రమే కలవు. ఎందరో ఇంజనీర్లు, వేఱువేఱు కంపెనీల జీతగాండ్రైనను, ఈ ఉమ్మడి పనిలో కలిసి శ్రమించుచున్నారు. అచ్చట పదవులు పుట్టుకచేతగాని, డబ్బుచేతగాని, యజమాని సిఫారసుచేతగాని రావు. మొదట దోషములు సవరించి పంపువాడై, ఆ సవరణలు మెప్పుపొందినప్పుడు మూలగ్రంథమున చేయిపెట్టు అర్హత గలవాడై, పిదప నిర్వాహక సంఘసభ్యుడై, తుదకు ఫౌండేషను సభ్యుడగును. శ్రీ వినోద్ కుమార్ గారు ఈ మెట్లన్నియు ఎక్కినవారు. వారు వ్రాసినదియు, దానిపై ఇతరులు చెప్పిన ఆక్షేపణయు, వారిచ్చిన సమాధానమును లోకమునకు బహిరంగములే. ఉద్యోగము మాఱినను ఆ కృతి పోదు.

మన పూర్వులకు ఈ ధర్మము క్రొత్తది కాదు. చెరువు పూడిక తీయుటకు, కాలువ గండి పూడ్చుటకు ఆయకట్టుదారులందరును తలకొక చేయి వేయు ఆచారమునకు కుడిమరామత్తు అని పేరు. చెరువును బాగుచేసి నిలిపినవానికి దశబంధము అను ఇనాముండెడిది. నీరు వాడుకొనువాడు గట్టు పోయుట కూడ తన విధియని యెఱిగినంతకాలము చెరువులు నిలిచినవి. ఆ బాధ్యత తమది కాదు, సర్కారుది అని ఊరివారు తలచిననాడు తూములు శిథిలమైనవి. ఓపెన్ సోర్సు అని నేటివారు పిలుచు పద్ధతి ఈ కుడిమరామత్తునకు యంత్రయుగపు రూపమని మా యభిప్రాయము.

ప్రోగ్రాము బహిరంగమైన మాత్రమున అది అందరకును అందదు. లక్షలకొలది పంక్తులు ముందుపెట్టి చదువుకొమ్మనుట, తాళపత్రముల గది తలుపు తెఱచి పండితుని పంపివేయుటవంటిది. శ్రీ వినోద్ కుమార్ గారును, శ్రీ అరుణ్ మూర్తి మొదలగు మఱి నలువురును కూడి యార్న్‌ను గూర్చి ఒక గ్రంథమును వ్రాసిరి. అది 2014లో అడిసన్ వెస్లీ వారిచే ప్రకటింపబడినది. యంత్రాంగము ఎందులకు పుట్టినది, భాగము లెట్లు కూడుకొనియున్నవి, క్రొత్తవాడు తన ప్రోగ్రామును దానిపై ఎట్లు నడుపుకొనవలెను అని అందు వివరించిరి. మన దేశమున ఎందఱు వైద్యులు సిద్ధౌషధయోగములను కొడుకునకైన చెప్పక తమతోనే కొనిపోయిరో లెక్కలేదు. తాను కట్టినదానిని తానే విప్పి చూపి, దానిని మించిన దానిని కట్టుటకు ఇతరులకు దారి చూపువాడు విద్యకు నిజమైన ఋణము తీర్చినవాడు.

ఉచితముగా నిచ్చినచో రచయిత బ్రదుకుటెట్లు అని లౌకికులు ప్రశ్నింపవచ్చును. 2011లో యాహూ హడూప్ బృందములోని ఇంజనీర్లతో హార్టన్‌వర్క్స్ అను సంస్థ ఏర్పడినది. ప్రోగ్రాము ఉచితము, దానిని నెలకొల్పి నడిపించు సేవకు రుసుము. శ్రీ వినోద్ కుమార్ గారు అందు పనిచేసిరి. ఆ సంస్థ 2014 డిసెంబరులో షేర్లను బహిరంగ విపణికి తెచ్చి, 2019 జనవరిలో క్లౌడెరా అను సంస్థలో విలీనమైనది. 2019లోనే ఐబీఎం సంస్థ, ఓపెన్ సోర్సు వ్యాపారమున పేరుగన్న రెడ్ హ్యాట్‌ను సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ క్రయమున ముఖ్యపాత్ర వహించి, 2020లో ఐబీఎం సారథ్యము చేపట్టిన శ్రీ అరవింద్ కృష్ణ పశ్చిమగోదావరి జిల్లాలో జన్మించినవారు. కావున పంచిపెట్టినవాడు పస్తుండుననుట నిజము కాదు.

అయితే అంతయు శుభమే యనియు మేము చెప్పము. ఉమ్మడి చెరువులో నీరు తోడుకొని గట్టుకు తట్టెడు మన్నైన వేయని పెద్ద కంపెనీలు కలవు. యార్న్ కాలమును కొంత దాటినది. 2014లో గూగుల్ బయటపెట్టిన కుబర్నెటీస్ అను యంత్రాంగము ఈ పంపకపు పనిలో నేడు విస్తారముగా వాడబడుచున్నది. అద్దె యంత్రములను, అద్దె నిలువగదులను అమ్ము కంపెనీలు ప్రబలుటచేత సొంత యంత్రసమూహమును కూర్చుకొను అవసరము అనేకులకు తగ్గినది. ఇది రచయితలకు లోపము కాదు. సంగము పాత ఆనకట్ట స్థానమున క్రొత్త బారేజీ వచ్చినంతమాత్రమున, పాత ఆనకట్ట క్రింద నూఱేండ్లకు పైగా పండిన పంట అబద్ధమగునా? పనిని అనేక పంక్తులుగా విభజించి, వనరును ఒకచోట పంచవలెనను తలంపు నేటి యంత్రాంగములందును జీవించుచున్నది. స్పార్క్ అను నూతన గణకయంత్రాంగము యార్న్‌పై గూడ నడచుచునే యున్నది.

ఇక మన సంగతి. మన జిల్లా ఇంజనీరింగు కళాశాలలనుండి ఏటేట పట్టభద్రులు వెలువడుచున్నారు. వీరిలో ఉమ్మడి గ్రంథమున ఒక దోషమునైన సవరించి పంపినవా రెందఱు? పుస్తకమునైన, ఒక వ్యాసమునైన వ్రాసి తరువాతివారికి దారి చూపినవా రెందఱు? పరుల పొలమున నేర్పుగా కోతకోసి కూలి గొనుట గౌరవహీనము కాదు. కాని ఒక జాతి యంతయు కోతకూలీలుగనే మిగిలిపోవుట గౌరవము కాదు. 2015లో భారతప్రభుత్వము తన కార్యాలయముల యంత్రవ్యవస్థలందు ఓపెన్ సోర్సు సాఫ్టువేరునకు ప్రాధాన్యమీయవలెనని విధానమును ప్రకటించినది. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ కంప్యూటరును తెలుగున పలికించుటకు పాటుపడినది. ఇవి ఆరంభములు. విత్తనము చల్లిన మాత్రమున కుప్ప నూర్చలేము.

చేయదగిన పనులు దుస్సాధ్యములు కావు. కళాశాలల యాజమాన్యములు, నగరమునుండి వెలగొని తెచ్చిన ప్రాజెక్టులకు మార్కు లిచ్చు దురాచారమును మాని, విద్యార్థి బహిరంగ గ్రంథమునకు పంపిన సవరణనే ప్రాజెక్టుగా గ్రహింపవలెను. అది అంగీకరింపబడినదా లేదా యని లోకమంతయు చూడగలదు గనుక మోసమునకు తావుండదు. విదేశములందున్న మన ఇంజనీర్లు గుడిగోపురములకు విరాళము లిచ్చుచున్నారు, సంతోషము. దానితోపాటు ఏడాదికొకమారు తమ విద్యను తెలుగున ఒక చిన్న పుస్తకముగా వ్రాసి పంపినచో పల్లెటూరి బాలునకు అది అన్నదానముకంటె తక్కువ కాదు. భూస్వాములు, వర్తకులు తమ గ్రామ గ్రంథాలయమున రెండు కంప్యూటర్లు ఉంచి, సాయంకాలము వానిని తెఱచియుంచిన చాలును.

తండ్రులకు మాత్రము ఒక్క మనవి. సెలవులకు వచ్చిన కుమారుని, కుమార్తెను జీతమెంత యని అడుగుడు, తప్పు లేదు. పిమ్మట, నీవు చేసినదానిలో పదుగురు వాడుకొనగలిగినది యేమున్నదని కూడ అడుగుడు. ఆ ప్రశ్న ఇంటింట వినబడుననాడు, వావిలపల్లి వంటి తెలుగు పేర్లను వెదకి వెదకి చెప్పవలసిన పని మా వంటి వారికి తప్పును.